అలవాటు అనే మాట

ఆ ప్రశ్నావళిలో ఒక ప్రశ్న ఇలా వుంది: "గత ఏడు రోజుల్లో, ఊపిరి వేగంగా ఆడేంతగా ఒళ్ళు కదిలే పని రోజుకి ఎన్ని నిమిషాలు చేశావు?" ఇంగ్లీషు నుంచి దాన్ని తెలుగులోకి తెచ్చింది నేనే. 'ఫిజికల్ యాక్టివిటీ' అన్నదానికి ఏ మాట వాడాలో రెండు రోజులు తేలలేదు. 'వ్యాయామం' అంటే పిల్లలు డ్రిల్లు అనుకుంటారు. 'శారీరక శ్రమ' అంటే కూలిపని అనుకుంటారు. చివరికి 'ఆటలు, వ్యాయామం, ఒళ్ళు కదిలే ఇతర పనులు' అని రాసి ఊరుకున్నాను. సాహిత్యంలో డాక్టరేట్ చేసినదానికి ఈ పని ఎందుకంటే, పోషకాహారం మీద పనిచేసే ఒక బృందానికి పిల్లలతో తెలుగులో కూర్చుని మాట్లాడే మనిషి కావలసి వచ్చింది. నాకు అప్పట్లో ఉద్యోగం లేదు.

2023 జనవరి చివర అది. పాడేరు వైపు కొండల్లో ఒక బాలికల ఆశ్రమ పాఠశాల. సంక్రాంతి సెలవులకి ఇళ్ళకి వెళ్ళిన పిల్లలు అప్పుడే తిరిగొచ్చారు. పదయినా మంచు విడవలేదు. వరండాలో చాప మీద నా ఎదురుగా కూర్చున్న తొమ్మిదో తరగతి అమ్మాయి ఆ ప్రశ్న విని కాసేపు ఆలోచించింది. "ఇంటికాడున్నప్పుడు ఊట నీళ్ళు మోసినాం మేడమ్. కట్టెలకెళ్ళినాం. అది రాస్తారా? అది ఆటా?"

నాకు తెలియలేదు. సిగ్నల్ కోసం మేడ మీదికెళ్ళి బృందం వాళ్ళకి ఫోన్ చేశాను. తప్పకుండా లెక్కలోకి వస్తుంది, నిమిషాలు వేసుకోండి అన్నారు. నీళ్ళకీ, కట్టెలకీ, సంతకి నడిచి వెళ్ళి రావడానికీ కలిపి రోజుకి దాదాపు మూడు గంటలు తేలింది. అయిదు నుంచి పదిహేడేళ్ళ పిల్లలు రోజుకి సగటున 60 నిమిషాలు ఒళ్ళు కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో మార్గదర్శకాలు ఇచ్చింది. ఆ లెక్కన ఈ అమ్మాయి మూడింతలు ఆరోగ్యవంతురాలు. 'అధిక చురుకుదనం' అన్న గడిలో టిక్కు పెట్టాను. అదే రోజు మధ్యాహ్నం మాతో వచ్చిన నర్సు పిల్లల కింది రెప్పలు లాగి చూస్తూ, ఒక్కొక్కరినీ దాటుతున్నకొద్దీ మాట్లాడడం తగ్గించేసింది. రెప్పల లోపలి వైపు ఎర్రగా వుండాల్సిన చోట పాలిపోయి వుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15-19 ఏళ్ళ అమ్మాయిల్లో 59 శాతం మందికి రక్తహీనత. ఆ పిల్లల్లో ఎంతమంది నా కాగితాల్లో 'అధిక చురుకుదనం' గడిలో వున్నారో లెక్కపెట్టాలని అప్పుడు తోచలేదు.

గోడకి ఆనించి ఎత్తులు కొలుస్తూ వుంటే మహాశ్వేతాదేవి 'శిశు' కథ గుర్తొచ్చింది. అందులో కరువు సాయం పంచడానికి వచ్చిన అధికారికి రాత్రివేళ గింజలు దొంగిలించే పిల్లలు కనబడతారు. దగ్గరికి వెళ్ళి చూస్తే వాళ్ళు పిల్లలు కారు, తరాల ఆకలికి కుదించుకుపోయిన పెద్దవాళ్ళు. ఆ కథని నేను ఎమ్మేలో చదివాను, తరవాత పాఠంగా చెప్పాను కూడా. చేతిలో కొలత టేపుతో ఆ అధికారి నిలబడిన చోట నిలబడినప్పుడు గాని, కథ చదువుతూ నేను ఎప్పుడూ ఆయన పక్షానే నిలబడి ఆశ్చర్యపోయానని తెలియలేదు.

ఇక తిండి ప్రశ్నలు. సంవత్సరంలో బియ్యం చాలని నెలలు వుంటాయా, అప్పుడు ఏం తింటారు? అదే అమ్మాయి, మొదట "అన్నమే" అంది. నేను ఇంకాసేపు కూర్చున్నాక, వానాకాలంలో రేషన్ బియ్యం అయిపోతే మామిడి టెంకలు నానబెట్టి, పిండి చేసి అంబలి కాస్తారని చెప్పింది. చెప్పి, నా పెన్ను కదలడం చూసి, "ఇది రాయకండి మేడమ్. పిల్లలు నవ్వుతారు" అంది.

రాయనన్నాను. నిజంగానే ఆ కాగితంలో రాయలేదు. కానీ ఆ సంవత్సరం ఐక్యరాజ్యసమితి ప్రకటించిన అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం. ఎక్కడ చూసినా తిండి మీద సదస్సులే. ఒక విశ్వవిద్యాలయంలో 'ఆహారం, అవమానం, ఆదివాసీ స్త్రీ' అన్న పత్రం చదివాను. అందులో ఆ అమ్మాయి మాట వుంది, 'రాయకండి మేడమ్' అన్న మాటతో సహా. నిజానికి పత్రం మొత్తం ఆ వాక్యం మీదే నిలబడింది. చాలా బాగుందన్నారు. ఒక సీనియర్ ప్రొఫెసర్ గారు కళ్ళు తుడుచుకున్నారు. టీ విరామంలో రాగి లడ్డూలు పెట్టారు. రెండు తిన్నాను.

పేరు చెప్పలేదు కదా, ఊరు చెప్పలేదు కదా అని ఎంత సర్దుకున్నా, నేను చేసినది మాట తప్పడమే. అసలు అంగీకార పత్రాల సంగతే చూడండి. మైనర్లు కాబట్టి సంరక్షకుల సంతకం కావాలి. తల్లిదండ్రులు కొండ మీద వున్నారు, అందుకని నూట చిల్లర మంది పిల్లల తరఫున వార్డెన్ గారు ఒక్క మధ్యాహ్నంలో సంతకాలు పెట్టేశారు. ఆ గదిలో అంగీకారం ఇవ్వకపోవడం అనే పని చేసినది ఆ అమ్మాయి ఒక్కతే. దాన్నే నేను తీసుకెళ్ళి ఉపన్యాసంలో పెట్టాను.

ఈ వ్యాసం రాయడానికి అది ఒక కారణం. ఆ సదస్సు నుంచి ఇంటికొచ్చాక నన్ను పీడించిన ప్రశ్న ఇంకొకటి వుంది. మా నివేదికకి పెట్టిన పేరులో 'ఆహారపు అలవాట్లు' అని వుంది. ఆ అమ్మాయి టెంక అంబలి తాగడం ఆమె అలవాటా? అన్నం ఇష్టపడడం ఆమె అలవాటా? నీళ్ళు మోయడం ఆమె అలవాటా? ఏ పనిని ఎవరి అలవాటుగా రాయాలో తేల్చే అధికారం ఎవరిది?

ఈ మాట ఎంత దూరం వెళ్ళగలదో మన పక్కనే జరిగింది. 2001లో ఒడిశాలో, మన పార్వతీపురం సరిహద్దుకి ఆనుకుని వున్న రాయగడ జిల్లా కాశీపూర్ ప్రాంతంలో బూజుపట్టిన మామిడి టెంకల జావ తాగి ఆదివాసీలు చనిపోయారు. అవి ఆకలిచావులా, విషాహారమా అని పెద్ద వాదం నడిచింది. ఆకలి కాదు, అది వాళ్ళ ఆహారపు అలవాటు అని ప్రభుత్వ పక్షం చెప్పింది. టెంక తినడం అలవాటే కావచ్చు. ఎండబెట్టి, పారే నీళ్ళలో నానబెట్టి, చేదు వదిలించి తినే జ్ఞానం వాళ్ళకి తరాలుగా వుంది. బూజుపట్టిన టెంకని పారెయ్యకుండా వండుకోవడం మాత్రం ఎవరికీ అలవాటు కాదు. ఇంట్లో వేరే గింజ వుంటే పారేసేవాళ్ళే. అలవాటు అని ఒక్క మాట అనగానే రేషన్ షాపూ, కూలీ రేటూ, అడవి మీద హక్కూ అన్నీ చర్చలోంచి తప్పుకున్నాయి, చనిపోయినవాళ్ళే మిగిలారు బోనులో. 2024 నవంబరులో అదే రాష్ట్రంలో కంధమాల్ జిల్లాలో మళ్ళీ టెంక జావ తాగి చనిపోయిన వార్త వచ్చింది. ఈసారి చనిపోయింది స్త్రీలు.

మా మామ్మ సంగతి ఇక్కడ చెప్పాలి. మాది విజయనగరం వైపు రైతు కుటుంబం, నాన్న తరంలో ఉద్యోగాలతో ఊరు వదిలింది. మామ్మ పెళ్ళయి వచ్చిన ఇంట్లో పొద్దుటి పూట చోడి అంబలే. మా చిన్నప్పుడు విశాఖలో మా ఇంటికి వచ్చినప్పుడు కూడా ఆవిడ తనకోసం కాస్త కాచుకునేది. ఎవరైనా ఆఫీసువాళ్ళు వస్తే అమ్మ ఆ గిన్నె మీద మూత పెట్టి స్టవ్ వెనక్కి జరిపేది. ఆ మూత చప్పుడు నాకు ఇంకా గుర్తుంది. ఇప్పుడు అమ్మకి సుగరు. ఖాదర్ వలి గారి ప్రసంగాలు ఫోన్‌లో విని, కొర్రలు, అండుకొర్రలు, సామలు సీసాల్లో వరసగా పెట్టుకుంది. వచ్చిన చుట్టాలకి గర్వంగా చూపిస్తుంది. మూత తీయడానికి మా ఇంట్లో ముప్ఫయ్యేళ్ళు పట్టింది. ఈ ముప్ఫయ్యేళ్ళలో మాకు అపార్ట్‌మెంటు వచ్చింది, పింఛను వచ్చింది, మేం అంబలి తాగినా ఎవరూ మమ్మల్ని అంబలి తాగేవాళ్ళు అనుకోని స్థితి వచ్చింది. అమర్త్యసేన్ ఉపవాసానికీ పస్తుకీ తేడా చెబుతాడు. ఇద్దరి కడుపులోనూ పడినది ఒకటే కావచ్చు, తినగలిగి తినకపోవడం వేరు, తినడానికి లేకపోవడం వేరు. మా అమ్మ కొర్రన్నానికీ కొండ మీది సామన్నానికీ మధ్య తేడా అటువంటిదే.

మామ్మ బతికుండగా ఒకసారి అడిగాను, మళ్ళీ ఆ పాతకాలం తిళ్ళు తినాలని వుందా అని. "ఏటే, నీకు మతి పోయిందా" అంది. "తినడానికేం, రుచే. నువ్వు దంపుతావా?" చోళ్ళకి పొట్టు బాధ లేదు, తిరగలి చాలు. సామలకీ కొర్రలకీ అలా కాదు. దంచాలి, చెరగాలి, మళ్ళీ దంచాలి. ఆ పని మగవాళ్ళు చేసిన దాఖలా మా ఇంట్లో లేదు, కొండ మీద కూడా నేను వినలేదు. పండించడంలో వాళ్ళ చెయ్యి వుంటుంది, రోకలి దగ్గరికి వచ్చేసరికి ఆడవాళ్ళే. నడుములు పోయిన ఆడవాళ్ళ లెక్క ఏ పోషకాహార పట్టికలోనూ వుండదు.

అందుకని 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టినప్పుడు అది కడుపుకే కాదు, చేతులకి కూడా అందిన సాయం. బియ్యం ఉడికితే అన్నం. దంచక్కర్లేదు, విసరక్కర్లేదు. 2013 ఆహార భద్రతా చట్టం మనిషికి నెలకి అయిదు కిలోలు హక్కుగా చేసింది. 2023 జనవరి నుంచి అది ఉచితం. చిరుధాన్యాల గురించి రాసే మన మిత్రులు చాలామంది ఈ బియ్యాన్ని శత్రువులా చూపిస్తారు. ఆదివాసీల పళ్ళెంలోంచి చోడిని తరిమేసింది రేషన్ బియ్యమే అంటారు. తరిమిన మాట కొంత నిజమే. పోడు తగ్గింది. పోడు మాన్పించాలనే ఉద్దేశంతో కూడా కాఫీ తోటలు వేయించారు. కాఫీ డబ్బు తెచ్చింది. కానీ పోడులో ఒకే చెలకలో చోళ్ళూ, సామలూ, కందులూ, వలిసెలూ కలిసి పండేవి. అవి ఇంటికి వచ్చేవి. కాఫీ గింజ ఇంటికి రాదు, బయటికి పోతుంది, బదులుగా నోటు వస్తుంది, ఆ నోటుని సంతకి తీసుకెళ్ళేది ఎక్కువగా మగవాడు. సంతలో అయిదు రూపాయల మసాలా పొట్లాలు తోరణాల్లా వేలాడుతూ వుంటాయి. చిన్నపిల్లలు వాటి కోసమే వెంటపడి వస్తారు.

నష్టం చిన్నది కాదు. వంద గ్రాముల చోళ్ళలో కాల్షియం 350 మిల్లీగ్రాముల వరకూ వుంటుంది, మరపట్టిన తెల్లబియ్యంలో పది మిల్లీగ్రాముల చుట్టూ. పప్పు, గుడ్డు, పాలు, ఆకుకూర పక్కన వుంటే తెల్లన్నం తిన్నా ఫరవాలేదు. పక్కన ఏమీ లేని పళ్ళెంలో చోడి తీసేసి బియ్యం పెడితే ఎముకకి అందేది పోతుంది. మనకి తెలిసిన ఈ సంగతి వాళ్ళకి చెప్పకుండా, అది వాళ్ళ ఇష్టం అని పక్కకి తప్పుకోవడం మర్యాదలా కనిపించే నిర్లక్ష్యం. చెబితే పెత్తనం. ఈ రెండిటి మధ్యా నేను చాలాకాలం ఇరుక్కుపోయాను.

స్త్రీవాద తత్వశాస్త్రంలో దీనికి ఒక పేరుంది. అందని దాన్ని కోరుకోవడం మానేసి, అందినదే ఇష్టమనుకోవడాన్ని 'అడాప్టివ్ ప్రిఫరెన్స్' అంటారు, సర్దుకుపోయిన ఇష్టం అనుకుందాం. మార్తా నస్‌బామ్ 'విమెన్ అండ్ హ్యూమన్ డెవలప్‌మెంట్' అనే పుస్తకంలో (2000) దీనికి ఉదాహరణగా మన మహబూబ్‌నగర్ స్త్రీలనే చూపించింది. తీవ్రమైన పోషకాహార లోపం, ఊళ్ళో మంచినీళ్ళు లేవు, అయినా చైతన్య కార్యక్రమం వచ్చేదాకా వాళ్ళలో కోపం కనబడలేదని ఆమె రాసింది. ఆ పేజీ దగ్గర నాకెప్పుడూ అనుమానమే. దుబాసీతో వచ్చిన విదేశీ స్త్రీకి కోపం చూపించకపోవడమూ, కోపం లేకపోవడమూ ఒకటేనా? నాకు మాత్రం ఆ అమ్మాయి చూపించిందా ఏమిటి.

పైగా ఇక్కడ సమస్య తిరగబడి వుంది. ఆశ్రమ పాఠశాల అమ్మాయి అందినదానితో సర్దుకుపోవడం లేదు. అన్నం కోరుకుంటోంది. తెల్లగా, వేడిగా, దంచక్కర్లేని అన్నం, మైదానంవాళ్ళ అన్నం. ఆ కోరికలో పోషకాహార నిపుణులకి తప్పుడు అలవాటు కనిపిస్తుంది, సంస్కృతి పరిరక్షకులకి పరాయీకరణ కనిపిస్తుంది. నాకు అందులో మా అమ్మ కనిపిస్తుంది, గిన్నె మీద మూత పెడుతూ. మేం ఎక్కిన మెట్టు ఎక్కి, ఇప్పుడు వాళ్ళు అదే మెట్టు మీద కాలు పెట్టబోతే, కింద నేలే ఆరోగ్యం అని చెప్పే హక్కు మనకి ఎక్కడిది? రోకలి పట్టని చేతికి ఆ మాట చెప్పే హక్కు లేదని నా అభిప్రాయం. కొందరికి ఇది అతి అనిపించవచ్చు. అడిగే హక్కు మాత్రం వుంది, అడగాల్సింది ఆ పిల్లని కాదు. 2013 చట్టంలోనే ముతక ధాన్యాలు కూడా ఇవ్వవచ్చని వుంది. కర్ణాటక రాగులు రేషన్‌లో ఇస్తోంది. ఒడిశా 2017లో మొదలుపెట్టిన మిల్లెట్ మిషన్‌లో ఆదివాసీ జిల్లాల రైతుల దగ్గర రాగులు కొని అక్కడి కార్డులకే ఇచ్చే పద్ధతి పెట్టారు. మన మన్యంలో కార్డుల మీద నడిచినది ఎక్కువగా బియ్యమే. ఊళ్ళో పొట్టు తీసే చిన్న మర పెడితే, దాని పక్కన గుడ్డు, పప్పు కూడా అందుబాటులో వుంటే, అప్పుడు ఏది తినాలో వాళ్ళే తేల్చుకుంటారు. అన్నమే అని తేల్చుకున్నా సరే.

ఇది మన దగ్గరే వున్న చిక్కు కాదు. అమెరికాలో అరిజోనా ఎడారిలో అకిమెల్ ఓదమ్ అనే జాతివారున్నారు, పీమాలని బయటివాళ్ళు పెట్టిన పేరు. వాళ్ళ పేరుకి అర్థం నది మనుషులని. ప్రపంచంలోనే అత్యధికంగా మధుమేహం వున్న సమూహాల్లో ఒకటిగా వాళ్ళని 1965 నుంచి దశాబ్దాల పాటు పరిశోధించారు. కరువుల్లో బతికేందుకు పనికొచ్చిన 'పొదుపు జన్యువు' ఇప్పుడు వాళ్ళకి చేటయిందన్న ఊహ ఒకటి ప్రచారంలోకి వచ్చింది. జేమ్స్ నీల్ 1962లో చేసిన ప్రతిపాదన అది. కానీ అదే వంశం వాళ్ళు మెక్సికో వైపు కొండల్లో వ్యవసాయం చేసుకుంటూ వున్నచోట మధుమేహం చాలా తక్కువ. అరిజోనా వైపు తేడా ఏమిటంటే, 19వ శతాబ్దం చివర్లో ఎగువన వలస వచ్చినవాళ్ళు హీలా నది నీళ్ళు మళ్ళించుకున్నారు. పొలాలు ఎండిపోయాయి. తరవాత ప్రభుత్వం ఇచ్చిన పిండీ, కొవ్వూ, పంచదారా తిండి అయింది. అంతకాలం వాళ్ళ రక్తం తీసి పరీక్షించిన పరిశోధనలో నది సంగతి చాలా వెనక్కి పోయింది.

అక్కడి ఆదివాసులు ఇప్పుడు తమ సంప్రదాయంగా చెప్పుకునే వంటకం ఒకటుంది, ఫ్రై బ్రెడ్. నూనెలో వేయించిన మైదా రొట్టె. 1864లో నవాహోలని సైన్యం వాళ్ళ నేల నుంచి వందల మైళ్ళు నడిపించి తీసుకెళ్ళి నిర్బంధించినప్పుడు, రేషన్‌గా ఇచ్చిన పిండి, కొవ్వులతో పుట్టిందని చెప్పుకుంటారు. 2005లో సుజాన్ షోన్ హార్జో అనే షయాన్, మస్కోగీ రచయిత్రి దాన్ని తినడం మానేద్దామని రాసింది. పెద్ద దుమారం రేగింది. బతికించిన రొట్టె అని కొందరు, చంపుతున్న రొట్టె అని ఆమె. నాకు నచ్చిన విషయం ఆ వాదం వాళ్ళ మధ్యే నడవడం. మన ఆదివాసీ అమ్మాయిల్లోంచి ఎవరైనా రేషన్ బియ్యం గురించి అటువంటి వ్యాసం రాస్తే, ఈ వ్యాసం అవసరం తీరిపోతుంది.

ఇక ఒంటి కదలిక. నీళ్ళు మోయడం ఆటా అన్న ఆ ప్రశ్నకి నేను ఇంకా జవాబు చెప్పలేదు. ఐరిస్ మారియన్ యంగ్ 1980లో రాసిన 'త్రోయింగ్ లైక్ ఎ గర్ల్' వ్యాసం మనలో చాలామంది చదివే వుంటాం. ఆడపిల్ల బంతి విసిరేటప్పుడు చెయ్యి ఒక్కటే కదుపుతుంది, ఒళ్ళంతా వెనక్కి వంచి విసరదు, తన చుట్టూ వున్న చోటుని తనదనుకోదు, అది ప్రకృతి వల్ల కాదు, పెంపకం వల్ల అని ఆమె వాదన. తాను చెబుతున్నది పారిశ్రామిక నగర సమాజపు స్త్రీల గురించేనని ఆమె ముందే హద్దు గీసుకుంది. ఆ హద్దు అవతల ఏముంటుందో నేను ఆ పాఠశాలలో చూశాననిపిస్తుంది. మూడో తరగతిలో చేరడానికి కొండ దిగి వచ్చిన పిల్లలు పెద్ద పెద్ద అంగలతో, చేతులు ఊపుకుంటూ నడుస్తారు. చెట్టెక్కుతారు. రాయి విసిరితే భుజం, నడుము అన్నీ తిరుగుతాయి. తొమ్మిదో తరగతి వాళ్ళు చున్నీ రెండువైపులా పిన్నులు పెట్టుకుని, పుస్తకాలు గుండెలకి ఆనించుకుని, గోడ వారగా నడుస్తున్నారు. ఈ నడక కొండ మీద ఎవరూ నేర్పింది కాదు. మనం నేర్పాం, చదువుతో పాటు.

ఎలా నేర్పుతామంటే పెద్ద కుట్ర ఏమీ అక్కర్లేదు. సాయంత్రం అయిదింటికి గేటుకి తాళం. కారణం భద్రత. భద్రత అవసరం లేదని నేనెలా అనగలను, హాస్టళ్ళ సంగతులు మనకి తెలియనివి కావు. అయితే ఆ తాళం లోపల వున్న జాగా వంటగదికీ, బట్టలారేసే తీగలకీ సరిపోయింది. మైదానం గేటుకి బయట వుంది. ఆరు నుంచి ఊరి మగపిల్లలు అక్కడ వాలీబాల్ ఆడతారు. అమ్మాయిలు గ్రిల్లు పట్టుకుని చూస్తారు. ధింసా వుంది కదా అంటారు. ధింసా పండగనాడు ఒకరి నడుము చుట్టూ ఒకరు చెయ్యి వేసి రాత్రంతా చేసే నృత్యం. పాఠశాలలో అది ఆగస్టు పదిహేనుకీ, ఆగస్టు తొమ్మిది ఆదివాసీ దినోత్సవానికీ అతిథుల ముందు పది నిమిషాలు. నా ప్రశ్నావళిలో దానికి గడి లేదు. నేనే తెలుగు చేశానన్నాను కదా, నాకూ తోచలేదు.

నీళ్ళ బిందె విషయంలో నా తప్పు ఇదీ. ఎదుగుతున్న వయసులో తక్కువ తింటూ, నెత్తి మీద బరువుతో ఏటవాలు దారిలో ఎక్కే పిల్ల ఖర్చుపెట్టే శక్తినీ, బంతి వెంట నవ్వుతూ పరిగెత్తే పిల్ల ఖర్చుపెట్టే శక్తినీ ఒకే నిమిషాల్లో కొలిచాను. చాకిరీని చాకిరీ అని పిలవడానికి మన స్త్రీవాదం ఎన్నేళ్ళు పోరాడిందో క్లాసులో చెబుతూ, కాగితం చేతిలోకి వచ్చేసరికి దాన్ని ఆరోగ్యం గడిలో వేశాను. పంపు ఊళ్ళోకి వస్తే ఆ పిల్ల 'చురుకుదనం' పడిపోతుంది. మా పద్ధతి ప్రకారం అది చెడు మార్పు కింద నమోదవుతుంది.

మాలావత్ పూర్ణ గుర్తుందా? నిజామాబాద్ జిల్లా లంబాడా అమ్మాయి, సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతూ, పదమూడేళ్ళకి 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. ఆ పాఠశాల గోడ మీద ఆమె బొమ్మ రంగుల్లో వేసి వుంది. ఎవరో ఒకరు నమ్మి, శిక్షణ ఇచ్చి, తిండి పెట్టి, గేటు తీస్తే ఏం జరుగుతుందో చెప్పే బొమ్మ. దాని పక్కనే తాళం వేసిన గేటు.

2024 డిసెంబరులో మళ్ళీ వెళ్ళాను. పని మీద కాదు. ఆ అమ్మాయి ఇంటర్‌కి వచ్చింది, దగ్గర్లోని కాలేజీ హాస్టల్లో వుంటోంది. సదస్సు సంగతి చెప్పాను. పత్రం చూపించాను. ఆమె తన మాట వున్న పేరా రెండుసార్లు చదివింది. కోపం వచ్చిందేమో అని చూస్తున్నాను. "అందరూ నవ్వినారా?" అని అడిగింది. లేదు, ఏడ్చారు అన్నాను. అది ఆమెకి నవ్వు కంటే వింతగా అనిపించినట్టుంది. చాలాసేపు మాట్లాడలేదు.

తరవాత వేరే కబుర్లు పడ్డాయి. 2023లో బడి భోజనంలో రాగిజావ చేరింది కదా, తాగారా అని అడిగాను. పదో తరగతిలో వున్నప్పుడు తాగామంది, బెల్లం వేసి, గ్లాసుల్లో. "బడిలో ఇస్తే రాగిజావ. ఇంట్లో తాగితే చోడంబలి" అని నవ్వింది. ఇంట్లో చోళ్ళు తగ్గిపోయాయట, అమ్మకి ఇప్పుడు కాఫీ ఏరే పని ఎక్కువ. అన్నయ్య అరకు దగ్గర రోడ్డు పక్కన పర్యాటకులకి బొంగులో చికెన్ కాలుస్తున్నాడు. ఇంట్లో ఎప్పుడైనా వండుతాడా అంటే, పండక్కి, అంది.

ఈ వ్యాసం సంగతి అడిగాను. రాయొద్దంటే రాయనని ఈసారి గట్టిగానే చెప్పాను. టెంక అంబలి సంగతి రాయనా వద్దా అన్నాను. కాసేపు ఆలోచించింది.

"పేరు లేకపోతే రాసుకోండి మేడమ్. మా అమ్మ అది బాగా చేస్తాది. చేదు వుండదు. అది కూడా రాయండి." లేచి, బట్టలు తీగ మీంచి తీసుకుంటూ మళ్ళీ అంది. "ఆ గేటు సంగతి రాయండి. అయిదింటికేసేస్తారని. మా చెల్లి అక్కడే వుంది, ఏడో తరగతి. పరుగులో ఫస్టు వచ్చేది."

తిరిగి వస్తూ ఆ పాఠశాల ముందు ఆటో ఆపించాను. అయిదున్నర అయింది. వాలీబాల్ నెట్ కడుతున్నారు. గ్రిల్లు దగ్గర నలుగురైదుగురు అమ్మాయిలున్నారు, వాళ్ళలో ఆ చెల్లెలు ఎవరో నేను గుర్తుపట్టలేను.